ఇంటికి ఏ తీగ? – దిగువ కృష్ణా డెల్టాలో దూరదర్శనం, కేబులు, ఇంటర్నెట్టు

1977 అక్టోబరు 23వ తేదీన హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం ప్రసారాలు ప్రారంభించింది. సరిగా 27 దినాల తరువాత, నవంబరు 19న, దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం లేచి కోడూరు, నాగాయలంక ప్రాంతాల గ్రామాలను ముంచివేసింది. చనిపోయినవారు సుమారు పదివేలమంది అని అధికార లెక్క. అంతకంటె ఎక్కువ అన్న అంచనాలు కూడ ఉన్నవి. ఆనాడు తుపాను హెచ్చరిక లంక గ్రామాలకు చేరవలసిన దారులు రెండే. ఒకటి ఆకాశవాణి, రెండవది తంతి, టెలిఫోను తీగ. గాలి ముదిరేసరికి స్తంభాలు కూలి తీగలు తెగిపోయినవి. బ్యాటరీతో పనిచేసే ట్రాన్సిస్టరు ఒకటే మిగిలింది. అది ఉన్న ఇండ్లు కొద్ది. జరిగిన నష్టం ఎంత పెద్దదో బయటి ప్రపంచానికి తెలియడానికే కొన్ని దినాలు పట్టింది.

ఈ రెండు తేదీలు పక్కపక్కన పడడం కాకతాళీయమే. కాని దిగువ కృష్ణా డెల్టాలో వార్త ఇంటికి చేరే మార్గాల చరిత్ర చెప్పేటప్పుడు వాటిని విడదీయడం కష్టం. బందరులోగాని, గుడివాడలోగాని, దివిసీమలోగాని ఒక గృహస్థుడు ఆ తరువాతి కాలంలో తన ఇంటికి తెచ్చుకొన్న తీగలు నాలుగు రకాలు: ఏంటెనా తీగ, కేబులు తీగ, టెలిఫోను రాగి తీగ, చివరకు గాజు తంతువు. ఒక్కొక్కదాన్ని ఎన్నుకొన్నప్పుడు అతడు కొంత పొందాడు, కొంత పోగొట్టుకొన్నాడు. పొందినది ఏమిటో అమ్మేవారు చెప్పారు. పోగొట్టుకొన్నది ఏమిటో చాలమందికి కరెంటు పోయిన రాత్రిగాని తెలియలేదు.

గొట్టం ఎంత ఎత్తు?

రేడియో ఈ సీమకు ముందే వచ్చింది. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమయింది. మీడియం వేవ్ తరంగాలు నేలను అంటిపెట్టుకొని వంగుతూ పోతవి గనుక, నాగాయలంకలోనైనా ఒక మూర తీగ కిటికీకి కట్టితే పాట వినబడేది. టెలివిజను తరంగాల నడక వేరు. అవి వెలుతురువలె ఇంచుమించు తిన్నగా పోతవి. భూమి గుండ్రంగా ఉన్నది గనుక కొంత దూరం పోయిన తరువాత అవి ఇండ్లపై నుండి ఆకాశంలోకి సాగిపోతవి.

దీని లెక్క హైస్కూలు విద్యార్థికి కష్టం కాదు. ప్రసార స్తంభం ఎత్తును, ఇంటి గొట్టం ఎత్తును మీటర్లలో తీసుకొని, రెండింటి వర్గమూలాలు కనుక్కొని, వాటిని కూడి, 4.12తో గుణిస్తే తరంగం చేరగల దూరం కిలోమీటర్లలో వస్తుంది. ప్రసార స్తంభం 100 మీటర్లు, ఇంటి గొట్టం 4 మీటర్లు అనుకొంటే దూరం 49 కిలోమీటర్లు. గొట్టాన్ని నాలుగింతలు చేసి 16 మీటర్లకు పెంచినా దూరం సుమారు 58 కిలోమీటర్లే. అంటే అంత శ్రమకు ఫలితం 8, 9 కిలోమీటర్లు మాత్రమే. విజయవాడకు గుడివాడ సుమారు 40 కిలోమీటర్లు. బందరు, అవనిగడ్డ 60 కిలోమీటర్లు మించినవి. డెల్టాలో తరంగానికి అడ్డు వచ్చే కొండ లేదు. ఏంటెనా ఎక్కించడానికీ కొండ లేదు. కనుక సముద్రానికి దగ్గరగా పోయిన కొద్దీ గొట్టాలు పొడవై, వాటికి లాగి కట్టే తీగలు పెరిగి, కింద బూస్టరు తప్పనిసరి అయ్యేది. బూస్టరు బొమ్మను పెంచినట్లే దానితో వచ్చే రొదను కూడ పెంచుతుంది. తెరమీద ఇసుక చల్లినట్లు కనబడిన చుక్కలు అవే.

1983లో ఇన్సాట్-1బి ఉపగ్రహం కక్ష్యలోకి చేరడంతో, మరుసటి సంవత్సరం దేశమంతటా చిన్న ప్రసారిణులు విరివిగా నెలకొల్పడంతో పరిస్థితి మారింది. ఢిల్లీ బొమ్మ ఉపగ్రహం ద్వారా ఊరి స్తంభానికి, అక్కడినుండి ఇండ్లకు వచ్చేది. అయినా గొట్టం పోలేదు. తుపాను గాలికి మొట్టమొదట పడేది కూడ అదే.

రికార్డరు ముందు, కేబులు తరువాత

ఇక్కడ ఒక చిత్రమైన విషయం గమనింపదగి ఉన్నది. పాశ్చాత్య దేశాలలో కేబులు ముందు వచ్చింది, ఇంటి రికార్డరు తరువాత వచ్చింది. ఆంధ్రదేశపు పట్టణాలలో క్రమం తారుమారయింది. ఇక్కడ కేబులు పుట్టిందే రికార్డరు నుండి.

బొమ్మను టేపుపై ఎక్కించే యంత్రాన్ని 1956లో అమెరికాలోని ఆంపెక్స్ కంపెనీ ప్రదర్శించింది. అది బీరువాలంతటి యంత్రం; ప్రసార కేంద్రాలకే చాలింది. ఇండ్లకు తగిన వి.హెచ్.ఎస్. పద్ధతి 1976లో జపానులో వెలువడింది. శబ్దాన్ని రికార్డు చేయడానికి టేపు మెల్లగా కదిలినా చాలును; బొమ్మలో సెకనుకు లక్షలకొలది మార్పులు ఉంటవి గనుక టేపు హెడ్డు ముందునుండి సెకనుకు కొన్ని మీటర్ల వేగంతో పరుగెత్తవలెను. అట్లా పరుగెత్తిస్తే ఒక సినిమాకు టేపు పదుల కిలోమీటర్లు కావలసి వస్తుంది. దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం, టేపును మెల్లగా నడిపి హెడ్డును గిరగిర తిప్పడం. ఇండియాలో వాడిన పాల్ పద్ధతిలో 62 మిల్లీమీటర్ల వ్యాసం గల డ్రమ్ము సెకనుకు 25 సార్లు తిరుగుతుంది. దాని చుట్టుకొలతను 25తో గుణిస్తే హెడ్డు వేగం సెకనుకు 4.87 మీటర్లు. టేపు నడక మాత్రం సెకనుకు 2.34 సెంటీమీటర్లే. డ్రమ్ము కొంచెం వాలుగా ఉంటుంది గనుక బొమ్మలు టేపుపై ఏటవాలు గీతలుగా పడుతవి. దుక్కిలో చాళ్ళు పక్కపక్కన పడినట్లు. 258 మీటర్ల టేపు మూడు గంటలు నడవడం ఇందువలననే సాధ్యమయింది.

1980వ దశకంలో ఈ వి.సి.ఆర్. కొన్నవారు తక్కువ, అద్దెకు తెచ్చుకొన్నవారు ఎక్కువ. పెండ్లిండ్లకు, జాతరలకు యంత్రం, టి.వి., నాలుగు కేసెట్లు కలిపి ఒక రాత్రికి అద్దె. అద్దెకు ఇచ్చే దుకాణదారులలో కొందరికి ఒక ఆలోచన తట్టింది. యంత్రాన్ని ఇంటింటికి మోయడం ఎందుకు? యంత్రం తన గదిలో ఉంచి, తీగను ఇంటింటికి లాగితే సరిపోదా? అట్లా వీధిలోని డాబాలమీదుగా, వేపచెట్ల కొమ్మలమీదుగా కేబులు తీగ నడిచింది. రాత్రికి ఒక సినిమా, నెలకు కొంత రుసుము. దేశమంతటా పట్టణాలలో ఈ వ్యాపారం ఇట్లాగే మొదలయింది. గుడివాడ వంటి ఒత్తుగా ఇండ్లున్న పట్టణం దానికి అనువైనది. దివిసీమలో ఇండ్లు విడివిడిగా, కాలువ గట్ల వెంబడి బారుగా ఉంటవి గనుక తీగ ఖర్చు ఎక్కువ, ఇండ్లు తక్కువ.

1991లో గల్ఫ్ యుద్ధం, అదే సంవత్సరం హాంకాంగు నుండి స్టార్ టి.వి. ఉపగ్రహ ప్రసారాలు, 1992లో జీ, 1995లో జెమిని, ఈటీవీ రావడంతో కేబులు ఆపరేటరు గదిలో వి.సి.ఆర్. పక్కన పెద్ద డిష్ చేరింది. 1995లోనే కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల చట్టం వచ్చి, ఆపరేటరు హెడ్ పోస్టాఫీసులో నమోదు చేసుకోవలెనని విధించింది. అంతవరకు చట్టమన్నది ఎరుగని వ్యాపారం అది.

ఆ కాలంలో ఇంటిలో రికార్డు చేయడం ఎంత సులువో ఈనాటి విద్యార్థికి నమ్మశక్యం కాదు. గోడనుండి వచ్చిన కేబులును ముందు వి.సి.ఆర్.కు, అక్కడినుండి టి.వి.కి తగిలించేవారు. వి.సి.ఆర్. తన సొంత ట్యూనరుతో ఒక చానెలు పట్టుతుండగా, టి.వి. మరొక చానెలు చూపేది. వేళ ముందుగా నిర్ణయించి పెట్టితే యజమాని పొలంలో ఉన్నా యంత్రం తన పని తాను చేసేది. డెల్టా తేమకు టేపులు బూజు పట్టడం, హెడ్డుకు మురికి చేరి బొమ్మ మసకబారడం ఇవి నిత్యం ఉండే బాధలు. చల్లని చోటనుండి తెచ్చిన యంత్రాన్ని వెంటనే నడిపితే డ్రమ్ముకు చెమ్మ పట్టి టేపు అంటుకొనేది. ఇట్లా ఒక కార్యక్రమాన్ని తన వీలును బట్టి తరువాత చూసుకోవడం తప్పా ఒప్పా అన్న వాదం అమెరికా సుప్రీంకోర్టు వరకు పోయింది. 1984లో అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా తీర్పు చెప్పి, ఇంటిలోని సొంత వాడుక తప్పు కాదన్నారు. ఒక్క న్యాయమూర్తి అటు మొగ్గి ఉంటే ఇంటి రికార్డరు చరిత్ర మరొక విధంగా ఉండేది.

రాగి తీగ, శివారు పొలం

ఇంటర్నెట్టు భారతదేశంలో సామాన్య ప్రజలకు 1995 ఆగస్టు 15న అందింది. విదేశ్ సంచార్ నిగమ్ ఆ సేవను మొదట మహానగరాలలో ఆరంభించింది. బందరులోని వాడు దాన్ని అందుకోవలెనంటే దూరప్రాంతానికి ఎస్.టి.డి. చేయవలెను. మోడెమ్ మాట్లాడినంతసేపు ఫోను బిల్లు పరుగెత్తేది. ఇంటికి వచ్చే ఫోను మరి మోగేది కాదు.

2004లో కేంద్ర ప్రభుత్వం బ్రాడ్‌బాండ్ విధానం ప్రకటించి, సెకనుకు 256 కిలోబిట్లకు తగ్గకుండ ఎల్లప్పుడు అందుబాటులో ఉండే సేవను బ్రాడ్‌బాండ్ అనవలెనని నిర్ణయించింది. (ఈ కనీసం 2013లో 512 కిలోబిట్లకు, 2023లో 2 మెగాబిట్లకు పెరిగింది.) 2005 జనవరిలో బి.ఎస్.ఎన్.ఎల్. ఆ సేవను టెలిఫోను తీగపైననే ఇవ్వడం మొదలుపెట్టింది. కొత్త తీగ అక్కరలేదు. మనిషి మాటకు 4 కిలోహెర్ట్జ్‌ల లోపు పౌనఃపున్యం చాలును. అదే రాగి జంటపై దానికి ఎగువన, సుమారు 25 కిలోహెర్ట్జ్‌లనుండి పదకొండు లక్షల హెర్ట్జ్‌ల వరకు ఖాళీగా ఉన్నది. అక్కడ సమాచారాన్ని నడిపించి, ఇంటివద్ద స్ప్లిటరు అనే చిన్న డబ్బీతో మాటను, సమాచారాన్ని వేరు చేశారు. ఫోను మాట్లాడుతూనే ఇంటర్నెట్టు వాడడం అప్పుడు సాధ్యమయింది.

అయితే ఎక్కువ పౌనఃపున్యం రాగిలో త్వరగా నీరసిస్తుంది. ఈ విషయం డెల్టా రైతుకు వేరే చెప్పనక్కరలేదు. 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తయిన నాటినుండి అతడు చూస్తున్నదే: కాలువ తలలో ఉన్న పొలానికి నిండా నీరు, శివారుకు చేరేసరికి పిల్లకాలువలో తడి. టెలిఫోను ఎక్స్‌చేంజి పక్క వీధిలోనివానికి నిండు వేగం దొరికితే, నాలుగైదు కిలోమీటర్ల దూరంలోని ఊరికి దానిలో చిన్న భాగం కూడ చేరేది కాదు. దివిసీమ నిండా శివారే. దానికి తోడు ఉప్పు గాలి, వర్షాకాలమంతా నీట నానే నేల. రాగి అతుకు పచ్చబడిందంటే మాటలో గరగర మొదలవుతుంది. ఆ గరగర మాటను చెడగొట్టకముందే మోడెమును పడగొట్టుతుంది. వాన పడిన మరునాడు ఇంటర్నెట్టు రాకపోవడానికి కారణం చాలసార్లు ఈ అతుకే.

అయినా రాగి తీగకు ఒక గొప్ప గుణం ఉండేది. అది వాడుకలో ఉన్నంతకాలం ఎవరూ దాన్ని గూర్చి ప్రత్యేకించి తలచలేదు. ఆ సంగతి చివర వస్తుంది.

గాజు తంతువు

కాంతిని గాజు వెంట్రుకలో నడిపించవచ్చునన్నది చాల కాలంగా తెలుసు. కాని మామూలు గాజులో కాంతి కొన్ని మీటర్లకే చచ్చిపోయేది. లోపం గాజు స్వభావంలో లేదు, దానిలోని మాలిన్యాలలో ఉన్నదని 1966లో చార్లెస్ కావో వాదించాడు. 1970లో కోర్నింగ్ కంపెనీ శాస్త్రజ్ఞులు ఆ మాట నిజమని చూపే తంతువును తీశారు. కావోకు నోబెల్ బహుమతి 2009లో వచ్చింది. ఇంటికి వచ్చే కేబులు తీగలో టి.వి. సంకేతపు బలం సుమారు 20 మీటర్లకే సగమవుతుంది. అందుకే కేబులు ఆపరేటరు స్తంభం స్తంభానికి యాంప్లిఫయర్లు బిగించవలసి వచ్చేది. మంచి గాజు తంతువులో బలం సగం కావడానికి 15 కిలోమీటర్లు పట్టుతుంది. అంటే అవనిగడ్డలో బయలుదేరిన కాంతి మధ్యలో ఒక్క యంత్రం సాయం లేకుండ నాగాయలంక దాటగలదు.

దూరం వలన శివారు అన్నది ఆ విధంగా పోయింది. కాని వంతు పోలేదు. ఇండ్లకు తంతువు ఇచ్చే జీపాన్ పద్ధతిలో మండల కేంద్రంనుండి వచ్చిన ఒక తంతువును, కరెంటు అవసరంలేని ఒక గాజు పంపకపు డబ్బీ 32 కొమ్మలుగా చీల్చుతుంది. కేంద్రంనుండి దిగువకు సెకనుకు సుమారు 2,488 మెగాబిట్లు వస్తవి. అందరూ ఒకేసారి వాడితే ఇంటికి 77 చొప్పున పడుతవి. దిగువకు పోయే కాంతి అందరి ఇండ్లకూ పోతుంది. ఎవరి సమాచారం వారి డబ్బా మాత్రమే విప్పుకొంటుంది. ఎగువకు పంపేటప్పుడు ఒకరి కాంతి మరొకరి కాంతితో కలిసిపోకుండ, ఎవరి వేళ ఎప్పుడో కేంద్రం చెప్పుతుంది. నీటి ఎద్దడి సంవత్సరంలో వంతులవారీగా తూములు ఎత్తినట్లే. ఒక్కొక్క వంతు సెకనులో అతి స్వల్ప భాగం గనుక వాడేవానికి తెలియదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ తంతువును ఊరూరికి చేర్చే పని 2015లో ఏర్పడిన రాష్ట్ర ఫైబర్‌నెట్ సంస్థ చేపట్టింది. కోనసీమలోని మోరి గ్రామంలో 2016 డిసెంబరు 29న సేవ ఆరంభమయింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ పథకాన్ని జాతికి అంకితం చేశాడు. నెలకు 149 రూపాయలకు సెకనుకు 15 మెగాబిట్ల ఇంటర్నెట్టు, సుమారు 250 టి.వి. చానెళ్ళు, టెలిఫోను ఇస్తామన్నది ఆనాటి ప్రకటన. ఇంత చౌక ఎట్లా? నేల తవ్వలేదు. కరెంటు స్తంభాలపై సుమారు 24,000 కిలోమీటర్ల కేబులు వేలాడదీశారు. యంత్రాలను విద్యుత్ సబ్‌స్టేషనులలో ఉంచారు. ఇంటి గుమ్మం వరకు తంతువును తెచ్చే పని పాత కేబులు ఆపరేటర్లకే అప్పగించారు. ఒకప్పుడు వి.సి.ఆర్. గదినుండి తీగ లాగినవారే ఇప్పుడు గాజు అతికే యంత్రం పట్టుకొని స్తంభం ఎక్కారు.

ఈ నిర్ణయం మంచిదా? చౌక, వేగం చూస్తే మంచిదే అనవలెను. లోహంలేని తంతువుకు పిడుగు భయం లేదు, ఉప్పు గాలికి పచ్చబడదు. కాని స్తంభం కూలితే తంతువు కూలుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంలో వేలాది స్తంభాలను నేలకూల్చింది, ఫోనులు మూగపోయినవి. ఆ తరువాత ఆ నగరంలో కరెంటు తీగలను భూమిలో వేయడానికి పూనుకొన్నారు. అదే రాష్ట్రంలో కొద్ది కాలానికే కొత్త తంతువును స్తంభాలపై ఎక్కించారు. భూమిలో వేయడానికి అయ్యే సొమ్ముతో పోల్చి చూస్తే కారణం అర్థమవుతుంది. కాని తీరప్రాంతంలోనైనా వేరు విధంగా ఆలోచించి ఉండవలసింది.

డబ్బాలో దాగిన బొమ్మ

కేబులు ప్రసారాలు అంకెల పద్ధతిలోకి మారడం 2012లో మహానగరాలతో మొదలై, 2017 మార్చి 31తో పల్లెలవరకు ముగియవలెనని ప్రభుత్వం గడువు పెట్టింది. బొమ్మ నిర్మలమయింది, చానెళ్ళు వందలయినవి. పాత వి.సి.ఆర్. మాత్రం ఆ దినంతో గుడ్డిదయింది. అంకెల ప్రసారం తాళం వేసి వస్తుంది. తాళంచెవి సెట్‌టాప్ బాక్సులోనే ఉంటుంది. వి.సి.ఆర్.కు, డివిడి రికార్డరుకు బాక్సు ఏ చానెలులో ఉంటే అదే దక్కుతుంది. ఒకటి చూస్తూ మరొకటి పట్టడం పోయింది. ఇరవై యేండ్ల క్రితం సామాన్య యంత్రం చేసిన పని కొత్త యంత్రం చేయలేకపోవడం సాంకేతిక చరిత్రలో తరచుగా జరగదు.

దానికి పరిష్కారంగా బాక్సులోనే హార్డ్‌డిస్కు పెట్టిన రకాలు వచ్చినవి. అమెరికాలో 1999లో టివో, ఇండియాలో 2008లో టాటా స్కై ప్లస్ ఇట్టివి. చౌక బాక్సులలో డిస్కు ఉండదు; వెనుక యు.ఎస్.బి. రంధ్రం ఉంటుంది. అక్కడ పెన్‌డ్రైవ్ పెట్టి రికార్డు చేయవచ్చును. ఎంత పెద్ద పెన్‌డ్రైవ్ కావలెను? మామూలు చానెలు సెకనుకు 3 మెగాబిట్లు అనుకొందాం. గంటకు 3,600 సెకనులు, 10,800 మెగాబిట్లు. 8 బిట్లు ఒక బైటు గనుక 8తో భాగిస్తే 1,350 మెగాబైట్లు. 32 గిగాబైట్ల పెన్‌డ్రైవ్‌లో సుమారు 23 గంటలు పడుతుంది. హెచ్.డి. చానెలు సెకనుకు 8 మెగాబిట్లు అయితే గంటకు 3,600 మెగాబైట్లు. తొమ్మిది గంటలు కూడ నిండవు. ఈ బిట్టుకు బైటుకు ఉన్న తేడా తెలియకనే చాలమంది 15 మెగాబిట్ల ఇంటర్నెట్టుతో సెకనుకు 15 మెగాబైట్లు వస్తవనుకొని మోసపోయామని బాధపడతారు. నిజానికి రావలసినది రెండుకు తక్కువే.

అమరిక విషయంలో రెండు మూడు చిక్కులున్నవి. రికార్డు అయిన బొమ్మ సాధారణంగా ఆ బాక్సు తాళంతోనే భద్రమవుతుంది గనుక పెన్‌డ్రైవ్ తీసి మరొక ఇంట పెట్టితే కనబడదు. బాక్సు మార్చితే పాత రికార్డులు పోయినట్లే. పాత ఫార్మాటులో సిద్ధం చేసిన పెన్‌డ్రైవ్ 4 గిగాబైట్లను మించిన ఫైలును మోయలేదు, కనుక పొడుగాటి కార్యక్రమం ముక్కలవుతుంది లేక ఆగిపోతుంది. వేళ నిర్ణయించి పెట్టినా, ఆ సమయానికి కరెంటు లేకపోతే రికార్డింగు ఉండదు. కొన్ని బాక్సులు కరెంటు తిరిగి వచ్చినప్పుడు నిద్రావస్థలోనే ఉండిపోతవి.

ఈ చిన్న చిక్కులకు ఎంత విలువ ఉన్నదో 2020లో తెలిసింది. కోవిడు వలన బడులు మూసినప్పుడు, ఆ సంవత్సరం ఏప్రిల్‌లో దూరదర్శన్ సప్తగిరి చానెలు పదవ తరగతి పాఠాలు ప్రసారం చేసింది. పాఠం ఒక వేళకు వస్తుంది, పోతుంది. తరగతిలో చేయి ఎత్తి మళ్ళీ చెప్పమని అడగవచ్చును; టి.వి.ని అడగలేము. పాఠాన్ని పట్టి ఉంచే సాధనం ఉన్న ఇంటి పిల్లవాడు రెండవసారి విన్నాడు. అది లేని ఇంట, ఒకే టి.వి. ఉన్న ఇంట, ఆ వేళకు కరెంటు పోయిన ఇంట పిల్లవాడు మొదటిసారి కూడ సరిగా వినలేదు. ఇంటర్నెట్టు ఉన్నవారికి ఈ బాధ లేదు. పాఠం ఎక్కడో భద్రపరచిన కంప్యూటరులో ఉంటుంది, ఎప్పుడైనా తెప్పించుకోవచ్చును. కాని తెప్పించుకొన్న ప్రతిసారి పై లెక్క ప్రకారం డేటా ఖర్చవుతుంది. ఒకే పాఠాన్ని ఇంటిలోని ముగ్గురు మూడుసార్లు చూస్తే మూడింతలు. నెలసరి పరిమితి ఉన్న పథకం తీసుకొనేవారు వేగం అంకెకంటె ముందు ఈ పరిమితి అంకెను చూడడం మేలు.

కరెంటు పోయిన రాత్రి

పాత టెలిఫోను రాగి తీగ గుణం ఒకటి చెప్పవలసి ఉన్నది. ఆ ఫోనుకు కరెంటు ఇంటినుండి కాదు, ఎక్స్‌చేంజిలోని 48 వోల్టుల బ్యాటరీలనుండి అదే తీగపై వచ్చేది. ఊరంతా చీకటి అయినా, తీగ తెగనంతవరకు ఫోను పలికేది. 1990 మే నెలలో పెద్ద తుపాను కృష్ణ ముఖద్వారం సమీపంలో తీరం దాటినప్పుడు చనిపోయినవారి సంఖ్య వెయ్యికి లోపల ఉండి, 1977తో పోలిస్తే ఎంతో తగ్గింది. లక్షకు పైగా ప్రజలను ముందే తరలించడం దానికి ముఖ్య కారణం. ముందే తరలించాలంటే ముందే కబురు చేరాలి. 2004లో బందరులో డాప్లర్ వాతావరణ రాడారు నెలకొల్పిన తరువాత తుపాను వాన మేఘాలను వందల కిలోమీటర్ల దూరంలోనే గుర్తించడం సాధ్యమయింది. కబురు పుట్టడం ఇప్పుడు కష్టం కాదు. కడపటి ఇంటికి చేరడమే కష్టం.

గాజు తంతువు కాంతిని తెస్తుందిగాని కరెంటును తేలేదు. ఇంటి గోడకు బిగించిన డబ్బాకు ఇంటి కరెంటే ఆధారం. కరెంటు పోయిన మరుక్షణం ఇంటర్నెట్టు, టి.వి., ఆ తంతువుపై వచ్చే ఫోను మూడు ఒకేసారి ఆగిపోతవి. మూడింటిని ఒకే తీగపై తెచ్చుకోవడంలోని సౌకర్యం, ప్రమాదం రెండూ ఇవే. సెల్‌ఫోను ఉన్నది గదా అనవచ్చును. సెల్ టవరుకు కూడ బ్యాటరీ కొన్ని గంటలే ఉంటుంది, డీజిలు అయిపోతే అదీ మూగదే.

దీనికి ఇంటిమట్టుకు ఉపాయం ఉన్నది, ఖరీదైనది కాదు. గోడ డబ్బాలలో చాలవరకు 12 వోల్టులతో పనిచేస్తవి. ఎడాప్టరు మీద ఆ అంకె ముద్రించి ఉంటుంది. వాడకం సుమారు 10 వాట్లు. 12 వోల్టుల, 7 ఆంపియర్-గంటల చిన్న బ్యాటరీలో 84 వాట్-గంటల శక్తి ఉంటుంది. పూర్తిగా ఖాళీ చేస్తే బ్యాటరీ చెడుతుంది గనుక మూడింట రెండు వంతులు వాడుకొన్నా అయిదారు గంటలు ఇంటర్నెట్టు నిలుస్తుంది. అదే బ్యాటరీపై 60 వాట్ల టి.వి.ని, బాక్సును కూడ నడిపితే ఒక గంటకు మించదు. కనుక తుపాను రాత్రి టి.వి. కట్టివేసి, డబ్బాను మాత్రం నడుపుకొని ఫోనులో వార్తలు చూడడం తెలివైన పని. మండల కేంద్రంలోని యంత్రాలకు, పంపకపు స్థానంలో ఉండే ఆపరేటరు యంత్రాలకు ఎన్ని గంటల బ్యాటరీ ఉన్నదో కనెక్షను తీసుకొనేటప్పుడే అడగవలెను. ఆ ప్రశ్న అడిగే గృహస్థులు అరుదు. సెకనుకు ఎన్ని మెగాబిట్లు అని అందరూ అడుగుతారు.

తంతువు ఇంటిలోకి వచ్చిన తరువాత దాన్ని మూడు సెంటీమీటర్ల కంటె చిన్న మలుపులో వంచరాదు. వంపులో కాంతి బయటికి జారిపోతుంది. తలుపు కింద నలిగే చోట, ఎలుకలు తిరిగే అటక మీద వేయరాదు. దివిసీమ పాత ఇండ్లలో దూలానికి కొట్టిన ఒక మేకు తరచుగా కనబడుతుంది. ఒకప్పుడు ఏంటెనా తీగ, తరువాత కేబులు, ఆపైన టెలిఫోను తీగ దానికే వేలాడినవి. లైన్‌మన్ గాజు తంతువును కూడ దానికే బిగించి కట్టబోతే, వద్దని చెప్పి ఒక వెడల్పయిన ప్లాస్టిక్ కొక్కెం కొట్టించడం మంచిది. ఆ మేకుకు బ్యాటరీతో పనిచేసే రేడియోను తగిలించి ఉంచవచ్చును.